తాలు కాయల బోర్డు

ఇరవయ్యేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డ్రాయింగ్ హయ్యర్ పాసయ్యాను, కొత్తగా యాక్రిలిక్ ట్యూబులు కొనుక్కున్నాను, ఇంక నేర్చుకోవడానికి ఏం మిగిలిందని? నాన్నకు మాత్రం నా మీద అంత నమ్మకం లేదు. ఆయన స్నేహితుడు, మిర్చి కమీషన్ వ్యాపారం చేసే బాబాయి, బ్రాడీపేటలో తెరవబోయే కొత్త ఆఫీసుకి బోర్డు వెయ్యమన్నప్పుడే నాన్న తేల్చి చెప్పేశాడు. "ఇదొక్కటీ చూస్తా. తేడా వచ్చిందో, కుంచెలు అటకెక్కించి టైపు నేర్చుకోవాలి." టైపు ఇన్‌స్టిట్యూట్ అప్లికేషన్ అప్పటికే ఆయన జేబులో మడతపెట్టి ఉంది.

బోర్డు మీద మిరపకాయల గుత్తి వేశాను. నా ఎరుపు ఎంత పూసినా కింద పెన్సిల్ గీతలు కనబడుతూనే ఉన్నాయి. చిక్కబడుతుందని (ఎంత తెలివో!) అందులో తెలుపు కలిపాను. గీతలు మాయమయ్యాయి, నేను మురిసిపోయాను. ముహూర్తం పదకొండింటికైతే, తొమ్మిదింటికే బాబాయి వచ్చి చూశాడు.

"ఏందమ్మా ఇది? తాలు కాయలేశావేంటి?"

(రంగు పోయి తెల్లబారిన కాయని మా వైపు తాలు అంటారు. మిర్చి వ్యాపారి గుమ్మం మీద తాలు కాయలంటే, ఆస్పత్రి గుమ్మం మీద పాడె బొమ్మ వేసినట్టే.)

"ఇది చూసిన రైతు నాకు సరుకిస్తాడా?" అని అరిచాడు. నాన్న చెయ్యి జేబు మీదికి పోయింది.

ఇంకో ట్యూబు తీశాను. అది మట్టి ఎరుపు. ఒక్క పూతకే అంతా కప్పేసింది. "నిరుటి సరుకులా ఉంది" అన్నాడు బాబాయి, వీధిలో నిలబడే. పది దాటింది. ఏడుపు దిగమింగుకుంటూ, మొదటి ఎరుపునే తెలుపు కలపకుండా మళ్లీ అద్దుకున్న కుంచెను కోపంగా బోర్డు అంచు మీద తుడిచాను. అక్కడ ఉత్త తెలుపు. దాని మీద ఆ పల్చటి చార నిగనిగలాడింది, అచ్చం కొత్త కాయలాగే!

అప్పుడు బుర్రకెక్కింది. ఆ ఎరుపు అద్దంలాంటిది, కప్పే రంగు కాదు. వెలుగు దానిలోంచి లోపలికెళ్లి, కింది తెలుపుని తాకి తిరిగి రావాలి. తెలుపుని కింద ఉంచాల్సింది పోయి అందులోనే కలిపి, దాని ప్రాణం తీశాను. గబగబా కాయలన్నిటికీ తెలుపు పూశాను. అది ఆరాలి, ఆ పైన పల్చగా మూడు పూతలు, ఒక్కోటీ ఆరాలి. టైము చూస్తే ముహూర్తానికి ముప్పావుగంటే ఉంది.

"నువ్వు వెయ్యి, నేను విసురుతా" అన్నాడు నాన్న. చేతికందిన కాగితంతో విసురుతూనే ఉన్నాడు, మధ్యమధ్య పూత ఆరిందో లేదో బొటనవేలితో తాకి చూస్తూ.

పంతులుగారు కొబ్బరికాయ అందుకునే వేళకి, బాబాయి శాంపిల్ సంచిలోంచి ఓ కాయ తీసి బొమ్మ పక్కన పెట్టి చూశాడు. కాసేపు రెండింటినీ మార్చి మార్చి చూశాడు. "ఆ! ఇదీ కాయంటే!" అన్నాడు. నేను అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. నాన్న తన చేతిలో కాగితం వంక చూసుకున్నాడు. అప్లికేషన్ నిండా ఎర్రటి మరకలు.

"ఇంక దీన్నెవరు తీసుకుంటార్లే" అని నా ఒళ్లో పడేశాడు.

ఇప్పుడు నేను డ్రాయింగ్ టీచర్ని. ఏటా ఎవరో ఒకరు ఎరుపులో తెలుపు కలుపుతూ, అంతా తెలిసినట్టు నా వంక చూస్తారు. వెంటనే వద్దనను. ఆ అప్లికేషన్ ఇంకా నా రంగుల పెట్టెలోనే ఉంది, పేరు రాయాల్సిన చోట నాన్న బొటనవేలి ఎర్రటి ముద్రతో.