మా గేటు దగ్గర బ్రేకు కూత

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పదేళ్లకు పైగా రాజోలు చుట్టుపక్కల కిరాయి కారు నడుపుతున్నాను. సమాధుల తోటల పక్క నుంచి, శ్మశానాల పక్క నుంచి వేళ కాని వేళల్లో వెళ్లాను. ఒక్క దెయ్యమైనా చెయ్యెత్తి కారు ఆపలేదు. కనీసం బేరమాడ్డానికైనా రాలేదు. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయినా ఆ మాత్రం తర్కం నాకూ ఉంది. అవి ఉంటే ఈపాటికి ఒక్కసారైనా ఎక్కి ఉండేవి.

అయినా ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తాను. మధ్యలో నా వెటకారం అడ్డొస్తే సర్దుకుపోండి, అది పుట్టుకతో వచ్చింది.

మా ఇల్లు ఊరి చివర. మా గేటు దాటాక రోడ్డు లేదు, కొబ్బరితోటే. నా భార్య సునీత కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తోంది. ఇక్కడ ఉండేది నేను, మా అత్తగారు, రెండున్నరేళ్ల మా పాప జెస్సీ. సునీత విమానం ఎక్కుతూ నాకు అప్పజెప్పింది ఆ ఇద్దరినే.

గోదావరి పెరిగినప్పుడల్లా మా ఇంటికి కాస్త ముందున్న పల్లపు రోడ్డు మీదికి కాలవ నీళ్లు ఎక్కుతాయి. సగం చక్రం మునుగుతుంది. అందులోంచి కారు తెచ్చి బ్రేకు తొక్కితే కీచుమని ఒకటే కూత. నీళ్లూ ఒండ్రూ బ్రేకు ప్యాడ్లకీ డిస్కుకీ మధ్య చేరతాయనీ, కాస్త దూరం మెల్లగా తొక్కుతూ పోతే తడారి కూత పోతుందనీ రాజోలు మెకానిక్ ఏసుబాబు చెప్పాడు. కానీ నీళ్లు దాటీ దాటగానే మా ఇల్లు. తడి ఆరే లోపే గేటు వచ్చేస్తుంది. అందుకని వరద రోజుల్లో నేను ఇంటికొచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర ఆ కూత తప్పేది కాదు.

అది వినగానే పాప “నాన్న!” అంటూ పరిగెత్తుకొచ్చేది. వెనకే అత్తగారు గేటు తీయడానికి వచ్చేవారు.

“ఆ అరుపేంటయ్యా అల్లుడూ, పందిని కోసినట్టు? నువ్వొచ్చేవని జొన్నాడ దాకా తెలియాలా?”

“హారను కొడితే అరిగిపోద్దని అత్తయ్యగారండీ.”

“నీ నోరు మట్టుకు అరగదు.”

కిందటి వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే ఆ నీళ్లలోంచే వెళ్లి రాజోలులో ఒకాయన్ని దింపాను. తడి ఆరినా ఆరోజు కూత పోలేదు. కారు ఏసుబాబు షెడ్డుకి తీసుకెళ్లాను. జాకీ పెట్టి ముందు చక్రాలు రెండూ ఊడదీశాడు. ప్యాడ్లు బయటికి తీసి, ఒండ్రు కడిగి, గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. నేను స్టూలు మీద కూర్చుని, అదే కాగితంతో నీ బనీను కూడా ఓసారి రుద్దమని సలహా ఇస్తున్నాను. భోజనాల వేళ. వాన లేదు గానీ గాలి ఉంది.

ఫోన్ మోగింది. అత్తగారు.

“అల్లుడూ, కారెక్కడ పెట్టేవు?”

“ఆయ్, రాజోల్లోనండి.”

“హాస్యాలాపు. గేటు కాడ బ్రేకేసి ఎటు పోయేవు? పిల్ల అన్నం వదిలేసి పరిగెత్తుకొచ్చింది. దాని వెనక నేను కంచం పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను.”

“కారుకి చక్రాలే లేవండి. ఎగిరొచ్చేననుకున్నారా?”

ఆవిడ ఏదో తిట్టబోయారు. అంతలో ఫోన్లో పెద్ద చప్పుడు, రేకులు విరిగిన మోత. పాప కెవ్వుమంది. ఫోన్ కట్టయింది.

మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఏసుబాబు చేతులు కూడా తుడుచుకోకుండా తన బండి తీశాడు. దారంతా అత్తగారి నంబరే నొక్కుతూ కూర్చున్నాను, వెటకారం గుర్తే రాలేదు. నన్నెరిగినవాళ్లకి చాలు, నా పరిస్థితి అర్థమవుతుంది. నీళ్ల దగ్గర బండి దిగి, ప్యాంటు తడుస్తున్నా చూసుకోకుండా పరిగెత్తాను.

అత్తగారు గేటు దగ్గరే ఉన్నారు, పాపని చంకలో అదిమిపట్టుకుని. ఇద్దరికీ చిన్న గీతైనా పడలేదు. ఇంటి వెనక కొబ్బరిచెట్టు, నీళ్లకి వేళ్లు నాని, వంటింటి మీద పడింది. రేకులు కుంగి నేలకి ఆనాయి. పాప కూర్చుని అన్నం తింటున్న పీట మాను కింద నుజ్జయింది. అత్తగారు కూర్చున్నదీ దాని పక్కనే.

అడగాల్సినవన్నీ అడిగాను. పక్కింటి రిటైర్డ్ మాస్టారు అప్పుడు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు.

“నేనూ విన్నానయ్యా. నువ్వొచ్చేవనే తలెత్తి చూసేను. రోడ్డు మీద ఏవీ లేదు” అన్నారాయన.

గేటు ముందు బురదలో పొద్దున నేను వెళ్లిన టైర్ల జాడే ఉంది, అందులో నీళ్లు నిలిచి. కొత్త జాడ లేదు.

చెట్టు ఒరిగేటప్పుడు వేళ్లు తెగుతూ అలా కూసి ఉంటుందన్నాడు ఏసుబాబు. ఆ మాట నాకెంతో నచ్చింది. పట్టుకుని వేలాడదామని చూశాను. కానీ చెట్టు ఇంటి వెనక. ముగ్గురూ విన్నది గేటు వైపు నుంచి. పాప పరిగెత్తిందీ అటే.

ఆ ఆదివారం చర్చిలో అత్తగారు సాక్ష్యం చెప్పారు. “మా అల్లుడొచ్చి మమ్మల్ని బయటికి పిలిచేడండి” అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. చెయ్యని పనికి పేరెందుకని లేచి నిలబడ్డాను.

“నేను రాలేదండి. ఆ టైముకి నా బ్రేకులు ఏసుబాబు చేతిలో ఉన్నాయి.”

నేను నోరు తెరిస్తే నవ్వడం మా సంఘానికి అలవాటు. ఆరోజు ఒక్కరూ నవ్వలేదు. ఎవరో మెల్లగా స్తోత్రం అన్నారు, తరవాత అందరూ అన్నారు.

రాత్రి సునీతకి ఫోన్లో అంతా చెప్పాను. అంతా విని, “పాపనడిగేరా?” అంది.

అడగలేదు. ఆ ఆలోచనే రాలేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగాను.

“చెట్టు పడిన రోజు ఎవరొచ్చేరమ్మా?”

“నాన్న.”

“నువ్వు చూసేవా?”

“ఊఁ.”

“నేనెక్కడున్నాను?”

పాప గేటు వైపు వేలు చూపించింది. “కార్లో.”

పిల్ల మాట ఎవరూ లెక్కలోకి తీసుకోరు, తెలుసు. అది అబద్ధం చెప్పిందని అనడానికి మాత్రం నాకు నోరు రాదు. ఆ వేళ నేను రాజోల్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాను. అంతవరకే నాకు తెలుసు. మిగతాది ఇవాళ్టికీ నా బుర్రకి అందలేదు.