అత్తిపత్తి పక్కన దర్జీ

దర్జీ చేతులకు ఊరికే ఉండటం తెలియదు. మిషను మీద లేనప్పుడు మెడలోని టేపును మెలిపెడుతూ ఉంటాయి. భార్య గుండె ఆపరేషను చేయించుకుని ఇంటికి వచ్చాక అవి మరీ నిలవడం లేదు. ఆమె కాస్త కునుకు తీస్తే చాలు, ఊపిరి ఆడుతోందో లేదోనని వెళ్లి భుజం తట్టేవాడు. ఆమె ఉలిక్కిపడి లేచేది. చివరికి విసిగిపోయి, కిటికీలోని అత్తిపత్తి కుండీ చూపించింది. "చెయ్యి ఆగకపోతే దాన్ని ముట్టుకోండి. నన్ను మాత్రం పడుకోనివ్వండి."

అతను అదే పనిగా పెట్టుకున్నాడు. వేలు తగలగానే ఆకులు ముడుచుకునేవి, విచ్చుకోగానే మళ్లీ తాకేవాడు. కొన్నాళ్లకు ఆకులు పసుపెక్కి రాలసాగాయి. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని మొక్కలమ్మే ఆవిడను అడిగాడు. "నీళ్లు కాదన్నా. ముడుచుకున్నప్పుడల్లా దాని ఓపిక పోతుంది. ఎండ తగలనిచ్చి, దాని మానాన దాన్ని వదిలెయ్యండి," అందామె. ఆ మధ్యాహ్నం అతను మంచం పక్కన స్టూలు వేసుకుని, రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టి కూర్చున్నాడు. మోకాళ్లు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. భార్య మీది దుప్పటి పైకి లేచినట్టే అనిపించింది, తర్వాత లేవలేదనిపించింది. ముందుకు వంగాడు గానీ చేతులు తియ్యలేదు. ఆమె కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి, అతని మోకాలి మీద వేసింది.

"ఉన్నాన్లెండి," అంది.