ఫొటో తోకలో పిట్ట

ఆ వీధిలో అందరూ ఆమెను మిషనక్క అంటారు. ముందుగదిలో ఎంబ్రాయిడరీ మిషను, పక్కన పాత కంప్యూటరు, మధ్యలో ఒక్క మనిషి తిరిగే చోటు. బట్ట మీద బొమ్మ కుట్టాలంటే ముందు కంప్యూటరులో సూది నడిచే దారంతా గీయాలి. ఏ కుట్టు ముందో, ఏది తర్వాతో, రంగు ఎక్కడ మారాలో అంతా ఆ డిజైను ఫైలులోనే ఉంటుంది. గీయడంలో ఆమెకు సాటి లేరు. కోపంలోనూ లేరనుకోండి.

ఆమెలాంటి కుట్టుపనివాళ్ళు ఆన్‌లైనులో ఒక గుంపుగా ఉన్నారు. ఆ సైటు ఫొటోలు తప్ప మరో ఫైలును రానివ్వదు. వీళ్ళేమైనా తక్కువ తిన్నారా? కుట్టిన బట్టను ఫొటో తీసి, ఆ ఫొటో ఫైలు చివర తోకలా డిజైను ఫైలు అతికించి పంపుకుంటారు. చూసేవాళ్ళకు అది ఉత్త ఫొటో. తెలిసినవాళ్ళు దించుకుని తెరిస్తే డిజైను చేతికొస్తుంది. కంప్యూటరు ఒకసారి చచ్చి బతికాక, మిషనక్క తన సొంత డిజైన్లను కూడా అలాగే ఫొటోల్లో పెట్టి ఆన్‌లైను ఆల్బములోనే దాచుకుంది, కంప్యూటరులో ఏదీ ఉంచలేదు.

వాటిలో ఒక నీలం పిట్ట ఉంది. ఒక శాలువాల కొట్టు కోసం గీసిన దాన్ని గుంపులో ఎవరికీ పంపలేదు. ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ బొమ్మలు కుట్టిన ఆమెను, నీ బొమ్మే మా శాలువాలన్నిటి మీదా కావాలని అడిగిన మొదటి కొట్టు అదే.

శాలువాల మూట వచ్చిన రోజు ఆమె పిట్ట ఫొటో దించి తెరిచింది. లోపల ఏమీ లేదు. ఇంకోటి తెరిచింది. అందులోనూ లేదు.

"నా ఆల్బము ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే వదినా," అన్నాడు మరిది ఉత్సాహంగా. "నిండిపోయిందని ఊరికే మెసేజీలొస్తుంటే ఫొటోలన్నీ చిన్నవి చేశా. ఒక్కటీ చెరపలేదు. చూడు, పిట్ట ఎంత బాగుందో!"

"పిట్ట ఉందయ్యా! సూది నడిచే దారి ఏది? చిన్నవి చేయబోయి తోక కోసేశావు కదా!"

"అందులో ఫైలుందని నాకేం తెలుసు?"

"తెలియకపోతే అడగాలి! నోరు లేదా?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అడగకుండా మేలు చేసేవాళ్ళకంటే చెప్పి కీడు చేసేవాళ్ళు నయం. ఆమెకు ఒళ్ళంతా మండిపోయింది. కత్తెర బల్ల మీద విసిరికొట్టింది. అతను సారీ అన్నాడు. ఆ మాటతో ఆమె కోపం ఇంకా పెరిగింది.

ఆ పిట్ట ఇప్పుడు ఒక్కచోటే మిగిలింది. మొదటిసారి సరిచూడటానికి కూతురి గౌను మీద కుట్టింది. పైనుంచి చూసి గీస్తే ఏదో ఒక పిట్ట వస్తుంది గానీ కొట్టు అడిగిన పిట్ట రాదు. రెక్క కింద ఏ కుట్టు మీద ఏది వేసిందో ఆమెకే గుర్తులేదు. వెనకనుంచి దారం దారం ఊడదీసి చూడాల్సిందే.

ఆ గౌనులోనే కూతురు గదిలోకి వచ్చింది. రోజూ అదే కావాలని పేచీ పెట్టే పిల్ల. మిషనక్క కుట్లు తెంపే కట్టరు తీసింది, పిల్లవైపు చూసింది, దాన్ని మరిది చేతిలో పెట్టింది.

"నువ్వే ఊడదియ్యి. ముందు దాన్ని అడుగు. నన్నెలాగూ అడగలేదు, దాన్నయినా అడుగు."

అతను పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏంటి బాబాయ్?" అంది పిల్ల.

అతను కట్టరును వీపు వెనక్కి దాచుకున్నాడు.