అంచులో నీలి పెన్సిలు

వారం రోజులుగా వేలం కంపెనీకి ఫోన్ చెయ్యడమే గిస్లెన్ పని. అవతల మోగే సంగీతం కంఠతా వచ్చేసింది. బ్రస్సెల్స్ వేలంలో పాడుకున్న బొమ్మలకథ అసలు పేజీ ఒళ్లో పెట్టుకుని, దాని తెల్లటి అంచును బొటనవేలితో తడుముతూనే ఉంటుంది. ఇవాళ ఎట్టకేలకు ఓ అమ్మాయి పలికింది. అంచులో ఉండాల్సిన రాతలేమయ్యాయని గిస్లెన్ అడిగింది.

"అంచులో నీలి పెన్సిలు గీతలుంటే తుడిపించాం మేడమ్. మురికి కదా! అదంతా ఉచితమే."

గిస్లెన్ మొహం జేవురించింది.

"మురికా? మీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ పేజీకి రంగులేసింది పోయిన మా ఆయన. ఎక్కడ ఏ రంగో ఆ అంచులోనే రాసుకునేవాడు. ఆ చేతిరాత కోసమే కదా కొన్నాను!"

"లైన్లో ఉండండి మేడమ్."

మళ్లీ అదే సంగీతం.