గంజి పోసిన పూలబుట్టలు

బుచ్చయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సిద్దిపేటలో ఆయన కిరాయికి ఉండే మేడ మీది వాటాకు పాలవాడు కూడా నోరెత్తకుండా వచ్చిపోతాడు. చిన్నప్పటి నుంచీ మగ్గం మీద చీరలు నేసిన మనిషి. మహారాష్ట్రలోని భివండి పోయి బట్టల మిల్లులో చేరి, అక్కడ మేస్త్రీతో కొట్లాడి తిరిగొచ్చాడు. ఇప్పుడు మగ్గం లేదు గానీ, కొట్లాట మాత్రం మానలేదు.

భార్య అంజవ్వ తుంటి విరిగి వరండాలో మంచాన పడింది. వెల్లకిలా పడుకున్న మనిషికి కనబడేది పైకప్పే కదా అని, ఆయన స్లాబు కొక్కేలకు పూలబుట్టలు వేలాడదీశాడు. తాళ్ళు తనే నూలుతో పేనాడు. వాటిలో బిళ్ళగన్నేరు, గడ్డిగులాబీ పెట్టాడు. శివరాత్రి దాకా బాగానే పూశాయి. ఎండలు ముదిరాక వాడిపోసాగాయి. ఆయన నీళ్ళు పెంచాడు. అవి బుట్టలో నిలవకుండా అంచుల వెంట జారి, కింద ఇంటి యజమానురాలు స్వరాజ్యలక్ష్మి ఆరేసిన బట్టల మీద తెల్లటి మరకలు కట్టాయి.

స్వరాజ్యలక్ష్మి నోరూ చిన్నదేం కాదు.

"రేపటి సంది ఒక్క చుక్క కారినా బుట్టలన్నీ తెంపి మోరిల ఏస్త!" అని కింద నుంచే అరిచింది.

"తెంపు, నేనూ జూస్త! నా పెండ్లాం కండ్ల ముంగట గవి తప్ప ఇంకేమున్నయ్?" అని బుచ్చయ్య పైనుంచి అరిచాడు.

నిజమే, ఆ పూలు పోతే అంజవ్వకు మిగిలేది ఉత్త సిమెంటు. అది తెలిసే బెదిరించింది, మహాతల్లి.

మరునాడూ కారింది. స్వరాజ్యలక్ష్మి కొడవలి పట్టుకుని మెట్లెక్కింది. మొదటి బుట్టను దించితే దూదిమూటలా తేలిగ్గా చేతికొచ్చింది. మట్టిని వేలితో పొడిస్తే అప్పడంలా పెళ్ళున విరిగింది. ఆ పెంకు కిందంతా పొడి మట్టి.

"ఏం పోస్తున్నవయ్యా దీంట్ల?" అని ఎదురొచ్చిన బుచ్చయ్యను అడిగింది.

"గంజి. రోజూ పొద్దుగాల పోస్త, ఎన్క నీళ్ళు."

"చెట్లకు ఎవడన్న గంజి పోస్తడా? పైన పెంకు కట్టింది. నీళ్ళు లోపటికి దిగక పక్కలకెల్లి కారుతున్నయ్. ఏర్లకు చుక్క అందుతలేదు."

"నువ్వు నాకు జెప్తవా? గంజి పెట్టకుంటే మగ్గం మీద పడుగుల ఒక్క పోగు నిలవదు. నూలుకు బలమిచ్చేది చెట్టుకియ్యదా?"

ఆమె కొడవలి పక్కన పెట్టి, పెంకు పెరికి, బుట్టను అక్కడున్న బకెట్ నీళ్ళలో ముంచబోయింది. "ముట్టకు!" అని బుచ్చయ్య లాక్కున్నాడు. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని గుంజులాడుకున్నారు.

"ఇడువయ్యా!" అంది అంజవ్వ మంచం మీది నుంచి. ఆమె పక్కన స్టూలు మీద మధ్యాహ్నపు గిన్నె ఉంది. అందులోనూ గంజే. "పడ్డ కాన్నుంచి నాకూ గదే పోస్తున్నవ్. అన్నం పెట్టుమంటే అరగదని కసురుతవ్. చెట్లు ఎండుతున్నయని అందరితోని కొట్లాడవడ్తివి. నేను ఎండుకపోతున్న, నన్ను జూసినవా?"

బుచ్చయ్య చేతిలోంచి బుట్ట జారింది. స్వరాజ్యలక్ష్మి అప్పుడు అంజవ్వ చేతుల వైపు చూసింది. ఎముకలకు చర్మం అంటుకుపోయి ఉంది. చూడగానే స్వరాజ్యలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. గంజి గిన్నె ఎత్తి వరండా మూలనున్న మురుగు మోరీలో కుమ్మరించింది.

"పో, పొయ్యి ముట్టియ్యి," అంది కొడవలి మళ్ళీ చేతికి తీసుకుని. "ఆమె కడుపు నిండ అన్నం తినేదాక నేనీడికెల్లి కదల."