దుసూతి గుడ్డ మీద టీవీ ఆట

మా నాన్న కుడిచెయ్యి బెజవాడ ఆటోనగర్‌లో ఆయన పనిచేసే మెకానిక్ షెడ్డులో నలిగింది. లారీ గేర్‌బాక్సును చైన్‌పుల్లీతో కిందికి దించుతుండగా గొలుసు జారి, ఆ బరువంతా వచ్చి ఆయన వేళ్ల మీద పడిందట. నేనప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ నుంచి వచ్చేసరికి షెడ్డు వాళ్లు మా ఇంటి ముందు నిలబడి ఉన్నారు. ఎవరూ నా మొహంలోకి చూడలేదు. "ఏం లేదమ్మా, చెయ్యి, అంతే" అన్నాడొకాయన. చేతుల మీద బతికే మనిషికి చెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది?

వేళ్లు పోలేదు. విరిగిన ఎముకలు అతుక్కున్నాయి. కానీ కట్టు విప్పిన రోజున చూస్తే అవి మా నాన్న వేళ్లలా లేవు. బిగుసుకుపోయి, ఒకదానికొకటి అంటుకుని, ఎండిన చిక్కుడుకాయల్లా ఉన్నాయి.

"కదిలించాలి. నొప్పి పుట్టినా సరే కదిలించాలి" అన్నారు డాక్టరుగారు. "బంతి నొక్కండి. బియ్యంలో రాళ్లు ఏరండి. ఏదో ఒకటి వేళ్లతో చేస్తూనే ఉండండి. ఊరుకుంటే మాత్రం ఇట్లాగే ఉండిపోతాయి."

అమ్మ రబ్బరు బంతి కొనుక్కొచ్చింది. నాన్న నాలుగు రోజులు నొక్కాడు. ఐదో రోజు దాన్ని ఎడంచేత్తో గోడకేసి కొడితే ఎగిరి వీధిలో పడింది. చేటలో బియ్యం పోసి ఇస్తే, చేటవైపు చూసి, అమ్మవైపు చూసి, లేచి వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అప్పటిదాకా ఆయన పగలు పడుకోవడం నేను చూడలేదు. పొద్దున్నే టిఫిన్ కారియర్ సైకిలుకి తగిలించుకుని వెళ్తే, చీకటి పడ్డాక గ్రీజు వాసనతో వచ్చేవాడు. ఇప్పుడు రోజంతా ఇంట్లోనే. ఆదివారం చర్చికి రమ్మన్నా రాలేదు. వెళ్తే అందరూ చెయ్యి చూసి పలకరిస్తారని ఆయన బాధ.

మా అమ్మ మిషన్ స్కూల్లో టీచరు. చిన్నప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంది కాబట్టి కుట్లూ అల్లికలూ బాగా వచ్చు. అందులోనూ దుసూతి గుడ్డ మీద క్రాస్ స్టిచ్ అంటే ఆమెకు ప్రాణం. దుసూతి అంటే దళసరి నేత గుడ్డ. నిలువు పోగులూ అడ్డ పోగులూ గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. ఒక్కో గడిలో ఇంటూ గుర్తు వేసినట్టు రెండు కుట్లు కుట్టుకుంటూ పోతే, దూరం నుంచి చూసినప్పుడు పువ్వో పిట్టో తేలుతుంది. మా ఇంట్లో దిండు గలీబుల మీదా, రేడియో మీద కప్పే గుడ్డ మీదా, అంతటా గులాబీలే. నాకూ ఆమే నేర్పింది.

ఒక సాయంత్రం నేను వరండాలో కూర్చుని కుట్టుకుంటుంటే అమ్మ ఉన్నట్టుండి అంది:

"ఏవండీ, బంతి వద్దు, బియ్యం వద్దన్నారు. పోనీ ఈ సూది పట్టుకుని చూడకూడదూ?"

"నేనా? కుట్లా?" నాన్న నవ్వలేదు, కోప్పడనూ లేదు. "షెడ్డులో తెలిస్తే నా మొహాన ఉమ్ముతారు."

"షెడ్డులో ఎవరు చెప్తారు?"

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆ మాట అక్కడితో పోయిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత కాలేజీలో క్లాసులు లేక మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. నాన్న కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని, సూదిని ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో దారం ఎక్కించడానికి తంటాలు పడుతున్నాడు. నుదుటి మీద చెమట. నన్ను చూసి దాచేద్దామనుకున్నాడు గానీ వేళ్లు చెప్పిన మాట వింటేగా. సూది కింద పడిపోయింది.

"సరేలే, వచ్చావుగా" అన్నాడు. "ముందు దారం ఎక్కించి పెట్టు. మీ అమ్మకి చెప్పమాక."

అలా మొదలైంది. మామూలు సూది పట్టు దొరక్కపోతే దబ్బనంలాంటి లావు సూది తెచ్చాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అది నిలిచేది కాదు. ఒక ఇంటూ పడేసరికి ఆయనకి ఊపిరి ఎగిసేది. రెండు గళ్లు కుట్టి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. "చాల్లే నాన్నా" అంటే, "ఉండమ్మా, ఈ వరస అయిపోనీ" అనేవాడు. వీధి గేటు చప్పుడైతే చాలు, గుడ్డ దిండు కిందికి పోయేది. అమ్మకి మొదటి రోజే తెలిసిపోయింది. తెలియనట్టే ఉండిపోయింది. దిండు దులిపేటప్పుడు ఆ గుడ్డని తీసి పక్కన పెట్టి, మళ్లీ అలాగే కింద పెట్టేది.

కానీ ఆయనకి ఆ పువ్వులు పట్టలేదు. "ఈ రేకులేంటో, ఈ ఒంపులేంటో నాకు తెలియట్లేదమ్మాయ్. ఎవరికోసం కుడుతున్నానో కూడా తెలియట్లేదు" అన్నాడు. పోనీ గేరు పళ్ల చక్రం కుడదామని చూస్తే గుండ్రంగా రాక మెట్లుమెట్లుగా వచ్చింది. విసుగొచ్చి గుడ్డని మడిచి పెట్టెలో పడేశాడు. మళ్లీ మంచం, మళ్లీ గోడ.

మా చిన్న మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఓడలో ఫిట్టరుగా పనిచేసేవాడు. దసరా వెళ్లాక సెలవు మీద వచ్చాడు. మైలవరంలో అమ్మమ్మని చూసుకుని, మా ఇంటికొచ్చి, సంచిలోంచి ఒక పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. సింగపూర్‌లో కొన్నాడట.

"టీవీ ఆట బావా! దీన్ని టీవీకి తగిలిస్తే తెర మీద ఆడుకోవచ్చు."

"టీవీ ఏదిరా మరి?" అన్నాడు నాన్న.

హైదరాబాదులో టీవీ వచ్చిందని చెప్పుకోవడమే గానీ బెజవాడలో మేమెవరమూ చూసిందే లేదు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "సముద్రాలు దాటి తెచ్చావురా, టీవీ లేని ఊరికి!"

మామయ్య ఊరుకునే మనిషి కాదు. రెండు రోజులు ఊరంతా తిరిగి, వన్ టౌన్‌లో ఒక రేడియో షాపాయన మద్రాసు నుంచి టీవీ తెప్పించి అద్దాల బీరువాలో పెట్టుకున్నాడని కనుక్కొచ్చాడు. ఊళ్లో ప్రసారాలు లేక బొమ్మ రాకపోయినా షాపుకి అందంగా ఉంటుందని పెట్టుకున్నాడట. ఆయన్ని ఎలా ఒప్పించాడో తెలియదు. ఆదివారం షాపు మూసి ఉండే వేళ రమ్మన్నారు. నాన్న రానన్నాడు. మామయ్య చెయ్యి పట్టుకుని రిక్షా ఎక్కించేశాడు.

సగం దించిన షట్టరు కిందనుంచి వంగి లోపలికి వెళ్లాం. మామయ్యా షాపాయనా కలిసి వైర్లు తగిలించారు. తెర కాసేపు చీమల్లా కదిలి, నల్లబడి, తర్వాత తెల్లగా ఒక బొమ్మ వచ్చింది. మధ్యలో చుక్కల గీత. అటో చిన్న కడ్డీ, ఇటో చిన్న కడ్డీ. వాటి మధ్య ఒక తెల్ల బంతి టక్, టక్ మంటూ అటూ ఇటూ కొట్టుకుంటోంది. రేడియోలో స్టేషన్లు మార్చే నాబు లాంటిది తిప్పితే కడ్డీ పైకీ కిందికీ పోతుంది. బంతిని వదిలేస్తే అవతలి వాళ్లకి పాయింటు. అంతే ఆట. అయినా షాపాయన "ఓర్నాయనో!" అని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పక్క గోడౌన్లో హమాలీలు షట్టరు కింద వంగి వంగి చూశారు.

"నువ్వాడు బావా."

నాన్న కుడిచెయ్యి చొక్కా మడతలోంచి తీసి నాబు మీద పెట్టాడు. వేళ్లు తిరగలేదు, చెయ్యంతా తిప్పాల్సి వచ్చింది. మొదటి బంతి పోయింది. రెండోదీ పోయింది. అవతలి కడ్డీ తిప్పుతున్న నేను కావాలని బంతిని వదిలేద్దామనుకున్నాను. "అట్టా ఆడితే నేను లేచిపోతా" అన్నాడు, తెర మీదనుంచి కళ్లు తిప్పకుండానే. ఆ తర్వాత ఒక బంతిని ఆపి వెనక్కి కొట్టాడు. టక్! ఆయన గట్టిగా నవ్వాడు. దెబ్బ తగిలాక ఆ నవ్వు మేం వినడం అదే మొదలు. మామయ్య అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

ఆడి ఆడి అలిసిపోయాక నాన్న తెరకి బాగా దగ్గరగా వెళ్లి చూశాడు.

"అమ్మాయ్, ఇట్రా. ఈ బంతి గుండ్రంగా లేదు చూశావా?"

నిజమే. దూరం నుంచి బంతే, దగ్గరకెళ్తే నలుచదరపు గడి. కడ్డీలు గడి మీద గడి పేర్చినట్టున్నాయి. మధ్య గీత కూడా ఒక గడి వదిలి ఒక గడి.

"దీంట్లో ఒంపనేదే లేదు" అన్నాడు నాన్న. "ఇది మనం కుట్టొచ్చు."

మామయ్యకి ఏమీ అర్థం కాలేదు. "కుట్టడమేంటి బావా?" నాన్న నావైపు చూశాడు. ఇక దాచి లాభం లేదనుకున్నట్టున్నాడు. "కుడుతున్నాలేరా కొన్నాళ్లుగా" అనేశాడు.

వచ్చే దారిలోనే బట్టల కొట్టు తెరిపించి నల్ల దుసూతి ముక్క, తెల్ల దారం కొన్నాం. ఆ సాయంత్రమే నా గ్రాఫు కాగితాల మీద ఆటంతా గీసుకున్నాడు. అరచేతిలో సగం ఉండే నల్ల ముక్కలు కత్తిరించి, వాటి మీద తెల్లటి కడ్డీలూ, చుక్కల గీతా, బంతీ కుట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో ముక్కలో బంతి ఒక్కో చోట. వరసగా పెడితే బంతి ఈ చివరనుంచి ఆ చివరకి పోయి, తగిలి, వెనక్కి వచ్చినట్టుంటుంది. నేను వాటికి వెనక గుడ్డ వేసి, దూది కూరి, పైన దారం ముడేసేదాన్ని.

"ఇవెందుకు నాన్నా?" అంటే, "క్రిస్మస్ చెట్టుకి" అన్నాడు.

"చెట్టుకి నలుపేంటండీ!" అంది అమ్మ వంటింట్లోంచి. "నక్షత్రాలు కట్టుకోవాలి గానీ."

"నక్షత్రాలు నలుపులోనేగా కనపడేది" అన్నాడాయన. మర్నాడు అమ్మ బడి నుంచి వస్తూ తనే ఇంకో రెండు లచ్చీల తెల్ల దారం తెచ్చింది.

నవంబరు వచ్చేసరికి లావు సూది పోయి సన్న సూది వచ్చింది. దారం తనే ఎక్కించుకుంటున్నాడు. ఒంటి బంతి ఆట ఆయనకి చాల్లేదు. సింగపూర్ వాళ్లకి తెలియని ఆటలు తనే కట్టడం మొదలుపెట్టాడు. ఒకదాంట్లో ప్రకాశం బ్యారేజీ, కింద నీలం గళ్లతో కృష్ణ, పైన ఎర్ర లారీ. ఎదురుగా ఎడ్లబండి. "ఇప్పుడు నాబు తిప్పి లారీని పక్కకి తప్పించాలి. తప్పించకపోతే ఆట అయిపోయినట్టే" అని నాకు నియమాలు చెప్పేవాడు. తర్వాతి ముక్కలో లారీ ఒక గడి పక్కకి జరిగేది. నోటితోనే టక్ మనేవాడు.

ఆ లారీ కుడుతున్న రోజునే షెడ్డు నుంచి ఆయన పార్ట్‌నర్ వచ్చాడు. ఇద్దరూ కలిసి పని నేర్చుకున్నవాళ్లు. గేటు చప్పుడు మాకు వినపడలేదు. తల ఎత్తేసరికి గుమ్మంలో ఉన్నాడు. నాన్న ఒళ్లో దారాలు, చేతిలో సూది. దాచుకునే వీల్లేదు. నాన్న మొహం పాలిపోయింది.

పార్ట్‌నర్ వంగి చూశాడు. వెనక చక్రాల మీద వేలు పెట్టి, "ఇదేంటన్నా, వెనక ఒంటి టైరేశావు? లోడు లారీకి జంట టైర్లుండాలిగా" అన్నాడు.

"ఒక గడి చాల్లేదురా" అన్నాడు నాన్న.

"చాలకపోతే బాడీ పెంచు. టైరు తగ్గిస్తావా?"

ఇద్దరూ పకపకా నవ్వారు. టీ తాగాక ఆయన నాన్న చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలూ మడిచి చూశాడు. "వంగుతున్నాయే!" అన్నాడు. వెళ్లేటప్పుడు జంట టైర్ల లారీ తనకొకటి కావాలని పట్టుబట్టాడు. నాన్న కుట్టిచ్చాక అది ఆయన బండి అద్దం ముందు వేలాడితే చూసి షెడ్డులో ఇంకెవరో అడిగారు. మొహాన ఉమ్ముతారనుకున్న వాళ్లే రంగులు చెప్పి పంపించారు.

క్రిస్మస్‌కి సరుగుడు కొమ్మ తెచ్చి ఇసక తొట్టెలో నిలబెట్టాం. కొమ్మ చుట్టూ వరసగా నల్ల ముక్కలు కట్టాం. క్యారల్స్ పాడటానికి వచ్చిన చర్చి పిల్లలు పాట ఆపేసి చెట్టు చుట్టూ తిరుగుతూ, వేలితో బంతి వెంట పరుగు తీశారు. "మధ్యలో ఎవరు వదిలేశారు బంతిని?" అని ఒక పిల్ల నాన్నని అడిగింది. "నేనే. ఇంకా నేర్చుకుంటున్నా" అన్నాడాయన. పండగ ఆరాధనకి మాతోపాటు చర్చికి వచ్చాడు. అడిగిన వాళ్లందరికీ చెయ్యి చాపి చూపించాడు.

జనవరిలో తిరిగి షెడ్డుకి వెళ్లాడు. చిటికెనవేలు మాత్రం వంకరగానే ఉండిపోయింది. బరువులెత్తే పని మళ్లీ చెయ్యలేకపోయాడు. బల్ల దగ్గర కూర్చుని కార్బురేటర్లూ పంపులూ విప్పి బిగించే పనికి మారాడు. సన్న పని, ఓపిక పని. మొదట్లో నెమ్మదిగానే సాగింది. ఏడాది తిరిగేసరికి ఆ పని కోసమే బళ్లు ఆయన దగ్గరకి వచ్చేవి.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం కుట్టుకే. చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, వరండాలో చాప పరిచి పిలిచేవాడు. "అమ్మాయ్, ఇవాళ బందరు కాలవలో పడవ ఆట కడదాం. లాకులు తెరిస్తే దాటాలి, మూస్తే ఆగాలి. నీళ్లకి ఏ రంగేద్దాం?"

"మన కాలవైతే మట్టిరంగే నాన్నా" అనేదాన్ని. ఆయన దారాల డబ్బా నా ముందుకి జరిపి, కళ్లజోడు సర్దుకుని, గళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టేవాడు.