సీసాలో కాలువ నీళ్ళు

కాలువలో ఎర్రనీళ్ళు పారే రోజులు. ధవళేశ్వరం నుంచి కాకినాడ వెళ్ళే పడవలో ఎవరో ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. బెల్లం వర్తకుణ్ణి ఏ సంతలో ధర బాగుందని అడిగాడు. లాకు దగ్గర పడవ ఆగితే, దాని తలుపులు తీసేవాణ్ణి నీళ్ళు ఎన్ని అడుగులు దిగుతాయని అడిగాడు. తర్వాత ఒక సీసాతో కాలువ నీళ్ళు ముంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. అన్నీ పుస్తకంలో రాసుకుంటున్నాడు. శిస్తు పెంచడానికి వచ్చినవాడే అనుకున్నాను.

"తమరు చదివేది ఏ శాస్త్రమండి?" అన్నాను.

"కాలువ ఒకటేనండి. అడగవలసినవాళ్ళే పలువురు. మీ పొలం ఎలా పండుతుందండి?"

"ఏం పండుతుందండీ! ఈ కాలువ కిందే గానీ, వట్టి చవిటి నేల."

ఆయన సీసా ఎత్తి నా కళ్ళ ముందు పెట్టాడు. అడుగున ఒండ్రు మందంగా పేరుకుంది.

"ఏటా ఇంత ఒండ్రు తాగే నేల చవిటిదెలా అవుతుందండి?"

నా మాట మాత్రం రాసుకోలేదు.

ఆయనెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఏడు శిస్తూ పెరగలేదు. ఎర్రనీళ్ళు రాగానే నేనూ ఏటా ఒక సీసా ముంచి అరుగు మీద పెడుతున్నాను, ఒండ్రు ఎంత దిగిందో గోడ మీద గీత గీస్తున్నాను. మొన్న పక్క పొలం ఆసామి ఆ గీతలు చూసి గొంతు తగ్గించాడు.

"ఇవన్నీ ఎవరు గీయమన్నారండి మిమ్మల్ని?"